తలకిందులుగా తోచే సలహాలు

రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. "టీచరుగారూ, మావోడి బేగులో పొట్లం దొరికిందండి. ఏటి సెయ్యమంటారు?" నేను నర్సీపట్నం పక్కన పదో తరగతికి తెలుగు చెప్పిన రోజుల్లో ఆవిడ పెద్దకొడుకు నా దగ్గర చదివాడు. ఇప్పుడు దొరికినవాడు చిన్నవాడు. పందొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో ఏడు. నాకు ఫోన్ చేసేసరికే ఆవిడ చెవిలో మూడు సలహాలు పడ్డాయి. గదిలో వేసి తాళంపెట్టి నాలుగు బాదమని అన్నగారు. మేనమామ కూతుర్నిచ్చి ముడిపెట్టేస్తే బాధ్యత తెలిసి వాడే కుదురుకుంటాడని పక్కింటావిడ. స్టేషన్లో అప్పగించి వస్తాను, బుద్ధొస్తుందని భర్త. ఆ మాట అన్నప్పుడు ఆయన రోజూ వేసుకునే క్వార్టరు వేసుకుని ఉన్నాడు.

నేను చెప్పినవి ఆ మూడింటికీ ఎదురు. విన్నంతసేపూ ఆవిడ "అదేటండి, అలాగంటారు" అంటూనే ఉంది. నా సలహాలు మొదటిసారి వింటే తలకిందులుగానే తోస్తాయి, నాకు తెలుసు. పదవీ విరమణ తర్వాత ఇలాంటి ఇళ్లకు వెళ్లి, కోర్టు వరండాల్లో, ఆసుపత్రి బల్లల మీద తల్లుల పక్కన గంటలకొద్దీ కూర్చుని తెలుసుకున్నవి ఇవి. ఒకచోట రాసిపెడుతున్నాను. కోపం వచ్చినా సరే, చివరిదాకా చదవండి.

కొడుకు సంచి వెతికే ముందు మీ బీరువా తెరవండి

మన భాషలో మందు అన్నది ఒక్కటే మాట. జ్వరానికి వేసుకునేది మందు, పత్తి చేలో కొట్టేది మందు, సాయంత్రం సీసాలోంచి పోసుకునేదీ మందే. గంజాయి దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. అది మత్తు పదార్థం అవుతుంది, డ్రగ్స్ అవుతుంది. మాటతోపాటు మనిషి మీద మన చూపూ మారుతుంది. తాగి ఇంటికొచ్చినవాడు "కాస్త అలవాటున్న మనిషి". పొట్లంతో దొరికినవాడు "గంజాయి బ్యాచ్". ఈ తేడా కాలేయానికి తెలియదు, నరాలకు తెలియదు, రాత్రిపూట దెబ్బలు తినే ఇల్లాలికి అసలే తెలియదు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వైద్యులు దేశమంతా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చారు. మన దేశంలో మద్యం తాగేవాళ్లు 16 కోట్ల మంది. భంగుతో కలుపుకుని గంజాయి జాతివి వాడేవాళ్లు 3.1 కోట్లు. మద్యం వల్ల వైద్యుడి సాయం అవసరమయ్యే స్థితికి చేరినవాళ్లే 5.7 కోట్లు. మన భయం మొత్తాన్నీ చిన్న గుంపు మీద పెట్టి పెద్ద గుంపును ఇంట్లో మంచం వేసి కూర్చోబెట్టాం.

గంజాయి మంచిదని నేను చెబుతున్నానని ఎవరూ అనుకోవద్దు. ఎదిగే వయసులో, పదిహేను పదహారేళ్లకే మొదలుపెట్టి ఆపకుండా పీల్చిన పిల్లలకు లేనివి వినిపించడం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం పట్టుకోవడం నేను కళ్లారా చూశాను. చదువు పోతుంది, నిద్ర పోతుంది, కొందరికి మనసే చెదిరిపోతుంది. అంచేతే వాడితో నిజం మాట్లాడాలంటున్నాను. నిజం మాట్లాడాలంటే మాట్లాడేవాడి చేతిలో గ్లాసు ఉండకూడదు.

కొన్నేళ్ల కిందట ఒక కుర్రవాడు నాతో అన్నాడు, "నాన్న తాగేది గవర్నమెంటు అమ్ముతాది టీచర్. నాది అమ్మదు. అంతే కదా తేడా." ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపిన రోజులవి. ఆ పిల్లాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. మీ పిల్లవాడు అదే మాట అడిగితే "పెద్దవాళ్ల సంగతి నీకెందుకు" అనకండి. "నాదీ తప్పే, ఇద్దరం కలిసి మానేద్దాం" అన్న తండ్రిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆ ఇల్లు నిలబడింది.

స్టేషన్‌కు తీసుకెళ్లకండి, ముందు చట్టం చదవండి

కన్నతండ్రే కొడుకుని పోలీసులకు అప్పగించడం గొప్ప త్యాగమని మన సినిమాలు నేర్పాయి. పోలీసుల పని కేసు కట్టడం, ఆధారాలు పోగుచేయడం. అలవాటు మాన్పించడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు, అది వాళ్ల పనీ కాదు. మీరు బుద్ధి చెప్పమని అప్పగిస్తారు. వాళ్లు ఎఫ్‌ఐఆర్ రాస్తారు. ఆ కాగితం ఉద్యోగానికి జరిగే విచారణలోకీ, పాస్‌పోర్టు విచారణలోకీ వాడి వెంటే నడుస్తుంది.

1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి తాగినందుకు ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అంటుంది. అదే చట్టంలో సెక్షన్ 64ఏ ఉంది. అలవాటుకు బానిసైన మనిషి తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో చేరి చికిత్స పూర్తిచేసుకుంటే, వాడినందుకు గాని, తక్కువ మోతాదు దగ్గర పెట్టుకున్నందుకు గాని అతని మీద విచారణ ఉండదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయికి తక్కువ మోతాదు అంటే ఒక కిలో లోపు. కేసు కోర్టుకు వెళ్లినా, శిక్షకు బదులు చికిత్సకు పంపే వీలు సెక్షన్ 39లో ఉంది. నేను కలిసిన తల్లిదండ్రుల్లో ఈ రెండు సెక్షన్ల పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు. చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. ఈ పేజీ మడిచి దగ్గర పెట్టుకోండి.

చదివితే ఇంకొకటి కూడా తెలుస్తుంది. ఈ చట్టం లెక్కలో గంజాయి అంటే చెట్టు పూత, కాయ ఉన్న కొసలు. పూత కలవని ఆకు, గింజ ఆ మాట కిందికి రావు. అందువల్లే ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో సర్కారు లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. చెట్టు ఒకటే. ఆకు నూరి పాలలో కలిపితే పండగ, పూత ఎండబెట్టి చుట్టి పీలిస్తే నేరం. నల్లమందు సంగతి తీసుకోండి. మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌లో, ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్‌లో దానికి కేంద్ర ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. అక్కడి రైతులు లైసెన్సు తీసుకుని పండిస్తారు, ప్రభుత్వం కొంటుంది, నొప్పి మందులు తయారవుతాయి. మంచిదే. క్యాన్సర్ రోగికి మార్ఫిన్ కావాలి. అయితే ఒక మొక్కను నేరమనేది, పంట అనేది ఆ మొక్కలో ఉన్న విషాన్ని బట్టి మాత్రమే కాదని ఒప్పుకోవాలి. ఎవరి చేతిలో లైసెన్సు ఉందన్నది కూడా అందులో ఉంది. ఇది ఒప్పుకుంటే దొరికిన పిల్లవాణ్ణి రాక్షసుడిలా చూడటం కాస్త తగ్గుతుంది.

ఒక్కసారిగా మాన్పించకండి

ఈ సలహాకే అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నాను. "రేపణ్ణించి చుక్క ముట్టనివ్వను, గదిలో పెట్టి గొళ్లెం వేస్తాను" అనే భార్యకు, కొడుకుకు నేను వద్దంటాను. ఏళ్లతరబడి రోజూ గట్టిగా తాగిన శరీరానికి మద్యం హఠాత్తుగా ఆగిపోతే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలుకావచ్చు. ఆ స్థితిలో ప్రాణం పోవచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని "నాటకం" అనుకుంటారు, "గాలి సోకింది" అనుకుంటారు. అది వైద్యుడు చూడవలసిన స్థితి. మోతాదు చూసుకుని తగ్గించుకుంటూ వచ్చే మాత్రలున్నాయి, థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్లున్నాయి. ఆసుపత్రిలో వారం పది రోజులు గడిస్తే ఆ గండం దాటుతుంది.

తెలంగాణలో కల్లు తాగేవాళ్ల సంగతి ఇంకా కష్టం. చెట్టు నుంచి దిగిన కల్లు వేరు, చాలాచోట్ల దుకాణంలో పోసేది వేరు. తాళ్లు, ఈదులు ఇచ్చే కల్లు అమ్మకానికి చాలదు. చాలనిచోట నీళ్లు, శాకరిన్, మత్తు పొడి కలుస్తాయి. ఆ పొడి క్లోరల్ హైడ్రేట్ కావచ్చు, డైజోఫాం అని జనం పిలిచే డయాజిపాం కావచ్చు, అల్ప్రాజోలం కావచ్చు. రోజుకు రెండు సీసాలు తాగే కూలి మనిషి తాను నిద్రమాత్రలకు బానిసనయ్యానని ఎరగడు, కల్లుకు అలవాటు పడ్డాననుకుంటాడు. 2015లో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం మంచాల మీద మెలికలు తిరుగుతూ, తమలో తాము మాట్లాడుకుంటూ ఆసుపత్రులకు వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి దుకాణాలన్నీ ఒక్కరోజులో మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు అవే మొహాలు. కల్తీని అరికట్టవలసిందే. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. మూసేసేవాళ్లు ఆ పక్కనే ఒక వైద్య శిబిరం తెరవాలి, మాత్రలు చేతికివ్వాలి. దుకాణానికి సీలు వేసే రోజే డాక్టరు రావాలి.

అప్పుడు నింద ఎవరి మీద పడిందో గుర్తు చేసుకోండి. "కల్లు తాగి పిచ్చెక్కినవాళ్లు" అని తాగినవాళ్లను అన్నాం. మోకు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుణ్ణి అన్నాం. అల్ప్రాజోలం తాటిచెట్టుకు కాయదు. దాన్ని ఫ్యాక్టరీలో, రసాయనాలు తెలిసిన మనుషులు చేస్తారు. చట్టం ప్రకారం 100 గ్రాములు దాటి అల్ప్రాజోలం దొరికితే అది వాణిజ్య మోతాదు, 20 కిలోలు దాటిన గంజాయితో సమానమైన నేరం. ఆ పొడి చేసినవాణ్ణి "కల్లు బ్యాచ్" అని ఎవరూ పిలవరు. వాడికి మనం పేరు పెట్టలేదు.

గొళ్లెం వేసి కొట్టే ప్రైవేటు కేంద్రాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఫోన్ చేస్తే నలుగురు మనుషులొచ్చి వ్యానులో ఎత్తుకుపోయే చోట్లున్నాయి. డబ్బు కట్టి పంపకండి. అక్కడ డాక్టరు ఎన్ని రోజులకోసారి వస్తాడో, లైసెన్సు ఉందో లేదో, మీరు వెళ్లి మనిషిని చూడనిస్తారో లేదో అడగండి. చూడనివ్వమంటే ఆ గుమ్మం దిగి వచ్చేయండి. మా ఎరికలో ఒక ఇంటివాళ్లు మూడు నెలల ఫీజు ముందే కట్టి, వీపు నిండా వాతలతో మనిషిని వెనక్కి తెచ్చుకున్నారు. వచ్చిన వారానికే మళ్లీ తాగాడు.

మళ్లీ తాగడం గురించి ఒక్క మాట. చక్కెర జబ్బు మనిషి లడ్డు తింటే "ఇక వీడు బాగుపడడు" అని వదిలేయం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. ఇదీ అంతే. మొదటిసారి మానినవాళ్లలో చాలామంది మళ్లీ జారతారు. రెండోసారీ తీసుకెళ్లండి, మూడోసారీ తీసుకెళ్లండి.

పెళ్లి చేయకండి. దీనికి ఎక్కువ వివరణ అక్కర్లేదు. ఎవరో కన్న పిల్ల మీ అబ్బాయికి చికిత్స కాదు.

ఫొటోలో లేనివాణ్ణి వెతకండి

ఏజెన్సీ నుంచి దిగే రోడ్ల మీద గంజాయి పట్టుబడ్డ మర్నాడు పేపర్లో వచ్చే ఫొటో మీరు చూసే ఉంటారు. బల్ల మీద బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు గోడలా పేర్చి ఉంటాయి. వెనుక అధికారులు నిలబడి ఉంటారు. ముందు నేల మీద ముగ్గురు నలుగురు కుర్రాళ్లు మోకాళ్ల మీద, మొహాలకు నల్లగుడ్డలతో. ఆ ఫొటో చూసినప్పుడల్లా వేలు పెట్టి లెక్కపెట్టమంటాను. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడ? నగరంలో సరుకు దింపుకునేవాడు ఎక్కడ? లారీ యజమాని ఎక్కడ?

నా దగ్గర చదివిన ఒక పిల్లాడు అలా గుడ్డ కింద కూర్చున్నాడు. బైకు మీద ఒక సంచి నర్సీపట్నం దాటించి తుని దగ్గర దింపితే ఐదువేలు, పెట్రోలు వేరే. సంచి తూకం ఇరవై కిలోలు దాటింది. ఇరవై కిలోలు అనేది చట్టంలో ఒక గీత. గీత దాటితే వాణిజ్య మోతాదు. శిక్ష పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా పోవచ్చు, జరిమానా లక్షకు తగ్గదు. బెయిలు అడిగితే సెక్షన్ 37 అడ్డొస్తుంది. ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొచ్చి మళ్లీ చేయడని న్యాయమూర్తికి తోచాలి. సంచి చేతిలో ఉంది కాబట్టి అందులో ఏముందో తెలిసే మోశాడని చట్టం ముందే అనుకుంటుంది. తెలియదని వాడే రుజువు చేసుకోవాలి. సంచి ఇచ్చినవాడి పేరు వాడికి తెలియదు, ఒక ఫోన్ నంబరు తెలుసు. ఆ నంబరు అదే రాత్రి మూగబోయింది. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. వాయిదాకు వెళ్లిన రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు పోతాయి. లోపలున్న రెండేళ్లలో విచారణ మొదలుకాలేదు.

వాడు తప్పు చేయలేదని అనను. డబ్బు ఎందుకంత ఇస్తున్నారో వాడికి తెలిసే ఉంటుంది. తప్పు ఎంతదో శిక్ష అంతదై ఉండాలంటున్నాను. సంచి దింపించుకున్నవాడి కోసం కూడా అంతే పట్టుదలతో వెతకాలంటున్నాను.

ఇక కొండమీదికి వెళ్దాం. చింతపల్లి, జీకే వీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడ పండే "శీలావతి" రకానికి దూర రాష్ట్రాల్లో గిరాకీ ఉంది. విత్తనం, ఎరువు, అడ్వాన్సు పట్టుకుని మైదానం నుంచి వ్యాపారి వస్తాడు. పసుపు, పిప్పలి, రాజ్‌మా పండించి సంతకు మోసుకెళ్లినా రాని డబ్బు, ఇంటికి వచ్చి ఇచ్చిపోతాడు. 2021 చివర్లో "ఆపరేషన్ పరివర్తన" పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని గుట్టలు పోసి కాల్చారు. ఆ మంటలు టీవీల్లో చూసి మనం ఊపిరి పీల్చుకున్నాం. నరికిన తోట స్థానంలో కాఫీ వేయమన్నారు. మంచి సలహా. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మూడు నాలుగేళ్లూ ఆ ఇంటి పొయ్యి మీద ఏం ఉడకాలో చెప్పినవాళ్లే నిజంగా గంజాయి మాన్పించినవాళ్లు. పసుపుకు, మిరియానికి ధర, గూడెం దాకా రోడ్డు, కాపు వచ్చేదాకా నెలనెలా భత్యం. ఇవి అడగండి.

ఈ గిరిజన రైతు పక్కన ప్రకాశం జిల్లా పొగాకు రైతును ఒక్కసారి నిలబెట్టి చూడండి. ఇద్దరూ జనం పీల్చే పంట మీదే బతుకుతున్నారు. పొగాకు రైతుకు గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, వేలం కేంద్రాలున్నాయి. 2025లో నల్లబర్లీ ధర పడిపోతే రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది. రైతు ప్రాణం నిలబడింది, సంతోషం. ఆ పొగాకు వల్ల మన దేశంలో ఏటా 13 లక్షలమందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ చావులకు పొగాకు రైతును మనం జైల్లో పెట్టం, పెట్టకూడదు కూడా. కొండమీది రైతు దగ్గరికి వచ్చేసరికి ఆ న్యాయబుద్ధి ఎక్కడికి పోతోంది?

తెలుగు టీచరుగా నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి. సామెతల పాఠంలో "గంజాయి వనంలో తులసి మొక్క" చాలా ఏళ్లు చెప్పాను. చెడ్డవాళ్ల మధ్య పుట్టిన మంచివాడని అర్థం రాయించాను. ఒక ఏడు తరగతిలో కొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే పిల్లవాడు ఒకడున్నాడు. నేను ఆ సామెత చెప్పగానే వెనక బెంచీ వాళ్లు వాడి వైపు తిరిగి నవ్వారు. వాడు తల వంచుకుని పుస్తకం మీద ఏదో గీసుకుంటూ కూర్చున్నాడు. బాగా చదివేవాడు కాబట్టి మెచ్చుకోలుగానే వాడికి అన్వయించారు, కానీ ఆ మెచ్చుకోలులో వాడి అమ్మ, నాన్న, గూడెం మొత్తం గంజాయి వనమైపోయింది. ఆ రోజు నుంచి ఆ సామెత చెప్పడం మానేశాను. మీరూ మానేయండి. "గంజాయి బ్యాచ్" అన్న మాట కూడా. ఆ మాట పడ్డ పిల్లవాడికి తిరిగి రావడానికి ఇంకో పేరు ఉండదు.

నగరాల్లోనూ ఇంతే. పబ్బుల మీద దాడి జరిగితే ఆడపిల్లల మొహాల వీడియోలు ముందు తిరుగుతాయి. రక్త పరీక్ష నివేదిక రాకముందే వాళ్ల చదువు, కులం, ఊరు బయటపెడతారు. ముంబైలో 2021లో ఓడ మీద జరిగిన దాడిలో పట్టుకున్న సినిమా నటుడి కొడుకు దగ్గర ఏమీ దొరకలేదు. మూడు వారాలకు పైగా జైల్లో ఉన్నాడు. మరుసటి ఏడు దర్యాప్తు సంస్థే ఆధారాల్లేవని వదిలేసింది. అంత డబ్బు, అంత పేరు, అంతమంది లాయర్లు ఉన్న ఇంటికే అలా జరిగితే జీడిపప్పు ఫ్యాక్టరీ కూలి కొడుకు సంగతి ఆలోచించండి. అలాంటి వీడియో మీకొస్తే ఎవరికీ పంపకండి, చెరిపేయండి.

నిషేధం అడగకండి, పడకలు అడగండి

ఇది రాయడానికి నాకు చెయ్యి రాలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా కొట్టు ముందు నిలబడ్డప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, వాచకంలో సారా గురించి వచ్చిన పాఠం చదివి, చీపుర్లు, కారప్పొడి పట్టుకుని లేచిన ఆడవాళ్లు వాళ్లు. వాళ్ల నింద సరైన చోట పడింది. తాగి పడిపోయిన మొగుణ్ణి వదిలేసి ప్యాకెట్టు తెచ్చిన జీపును ఆపారు, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. కలెక్టర్ని అడిగారు, మంత్రిని అడిగారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. అంతకు పదేళ్ల ముందు "వారుణి వాహిని" పేరుతో సారా ప్యాకెట్లు పల్లె పల్లెకూ చేరిందీ ఆయన హయాంలోనే.

నిషేధం 1997లో ఎత్తేశారు. ఈలోగా సరిహద్దు దాటి సీసాలు వచ్చాయి, నాటుసారా బట్టీలు లేచాయి. పట్టుబడినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ మోసుకొచ్చిన పేదవాళ్లే. ఆడవాళ్లు అడిగింది ఇల్లు ప్రశాంతంగా ఉండాలని. వాళ్లకు దక్కింది ఒక చట్టం. ఆ రెంటికీ మధ్య ఆసుపత్రి లేదు. తాగుడుకు బానిసైన మనిషి నిషేధం వచ్చిన రోజూ బానిసే, ఎత్తేసిన రోజూ బానిసే. వాడి కోసం ఎవరూ ఒక మంచం వేయలేదు.

తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. 2023లో వాటి లైసెన్సుల లాటరీకి దరఖాస్తు ఫీజుగానే 2,600 కోట్ల రూపాయలకు పైగా వచ్చాయి. దుకాణం దక్కనివాళ్లకు తిరిగివ్వని డబ్బు అది. ఒక సీసా కూడా అమ్మకముందే వచ్చిన డబ్బు. ఈ లెక్క పక్కన ఎయిమ్స్ నివేదికలో ఇంకో లెక్క పెట్టండి. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేది 180 మందిలో ఒకరు. మిగతావాళ్లను ప్రభుత్వం తన అమ్మకం దగ్గర గుర్తుపడుతుంది, ఆసుపత్రి గుమ్మం దగ్గర గుర్తుపట్టదు.

మీ ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చినప్పుడు "దుకాణం తీసేయండి" అనే మాట తర్వాత అడగండి. ముందు మూడు అడగండి. మన ఏరియా ఆసుపత్రిలో మద్యం మాన్పించే పడకలెన్ని? మానసిక వైద్యుడు వారానికి ఎన్ని రోజులొస్తాడు? మద్యం మీద వచ్చే ప్రతి వంద రూపాయల్లో ఆ పడకలకు ఎన్ని రూపాయలు పోతున్నాయి? వేదిక మీద నిలబడి నిషేధం హామీ ఇవ్వడం ఏ నాయకుడికైనా సులువు. ఈ మూడింటికీ జవాబు చెప్పాలంటే కాగితాలు తెచ్చుకోవాలి. తెచ్చుకోనివ్వండి, మళ్లీ వచ్చే దాకా కూర్చోండి. దూబగుంట ఆడవాళ్లు కూర్చున్నారు.

ఆ రాత్రి ఫోన్ చేసిన తల్లికి ఇవన్నీ చెప్పే వ్యవధి లేదు. కొట్టొద్దని, భర్తను స్టేషన్‌కు వెళ్లనివ్వొద్దని, పిల్లవాడికి అన్నం పెట్టి పడుకోబెట్టమని, పొద్దున్నే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి ముగ్గురూ కలిసి రమ్మని చెప్పాను. వచ్చారు. డాక్టరు పిల్లవాడితో గంటసేపు మాట్లాడి, తండ్రిని కూడా లోపలికి పిలిచాడు. పిల్లవాడు నాలుగు నెలలు ముట్టలేదు, ఐదో నెలలో ఒకసారి జారాడు, మళ్లీ వచ్చాడు. డిగ్రీ మూడో ఏడు పరీక్షలు రాస్తున్నాడు. తండ్రి తన తాగుడుకు రెండుసార్లు చీటీ రాయించుకుని ఒకసారే మందులు కొన్నాడు.

మీ ఇంట్లో ఇవాళ పొట్లమో సీసానో దొరికి ఉంటే, చెయ్యెత్తే ముందు 14446కు ఫోన్ చేయండి. మత్తు అలవాట్లు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన నంబరు అది. డబ్బులు పడవు. అది పోలీసుల నంబరు కాదు.